తోడు పెట్టిన మందు

నా జబ్బు పేరు డాక్టరమ్మ మొదటిసారి చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. పురీషనాళం క్యాన్సర్ అంది. నాళం అనేది మా గోదావరి వైపు ఇంటిపేరు. ఆ ఇంటిపేరు వాళ్లు నాకు ఒకరిద్దరు తెలుసు కూడాను. "ఈ పురీషం నాళం వారెవరమ్మా, మన కాకినాడ వాళ్లేనా?" అన్నాను. డాక్టర్ షమీమ్ నవ్వలేదు. కాగితం మీద పేగు బొమ్మ గీసి, చిట్టచివర, ఇక బయటికి వచ్చేసే గుమ్మం దగ్గర, పెన్నుతో ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క చూశాక నేనూ నవ్వలేదు.

దడాల ముత్యాలరావు అంటే ఊళ్లో ఎవరూ పోల్చుకోరు గానీ, మైకు ముత్యాలంటే సగం మంది పోల్చుకుంటారు. ఆటో మీద రెండు హారన్లు కట్టుకుని, చీరల ఎగ్జిబిషన్ల దగ్గర్నుంచి మున్సిపాలిటీ పన్నుల దాకా ఏదైనా సరే ఊరంతటికీ వినిపించడం నా పని. వృత్తి ప్రచారం, ప్రవృత్తి సంచారం. జబ్బు మాత్రం గ్రహచారం.

"మామూలు పద్ధతిలో అయితే ఆపరేషన్ చేసి ఆ చివర తీసేయాలి," అంది డాక్టరమ్మ. "గడ్డ మరీ కిందకి ఉంది కాబట్టి ఆ దారి మూసేసి, పొట్ట పక్కన చిన్న రంధ్రం పెట్టి సంచి తగిలిస్తాం. జీవితాంతం ఉంటుంది."

సంచారం చేసేవాడికి సంచి తప్పుతుందా అని ఒక మాట నోటిదాకా వచ్చింది. పక్కన మా ఆవిడ మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుంటోంది. మాట మింగేశాను.

"ఇంకో దారుంది," అంది డాక్టరమ్మ. "అది ఇంకా పరిశోధనలోనే ఉంది. మీరు ఒప్పుకుంటే మీ మీద ప్రయత్నిస్తాం. గడ్డ పూర్తిగా కరిగిపోతే కోత అక్కర్లేదు. దీన్ని ట్రయల్ అంటాం."

టైలరు దగ్గర ట్రయలంటే కోశాక చూసుకునేది. ఇది కోయకముందు చూసుకునేది. ఒప్పేసుకున్నాను.

ఆ రోజే ఆవిడ మమ్మల్ని ఆస్పత్రి వెనకున్న లేబరేటరీకి తీసుకెళ్లింది. రెండు గాజు పళ్లేలు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో ఆరోగ్యమైన పేగు కణాలు, రెండోదాంట్లో ఎవరి గడ్డలోంచో తీసిన కణాలు. రెండూ పల్చటి పాలమీగడలాగా ఒకేలా ఉన్నాయి. రెండింట్లోనూ ఒక తెల్లటి చుక్క వేసి, మమ్మల్ని క్యాంటీనులో భోంచేసి రమ్మంది. వచ్చి చూసేసరికి మొదటి పళ్లెం ఎలా ఉన్నదో అలాగే ఉంది. రెండోదాంట్లో చుక్క పడిన చోట మీగడ చెదిరిపోయి, కింద బల్ల కనిపించేటంత గుండ్రటి ఖాళీ పడింది.

"ఇది పెరుగులో ఉండే క్రిమే," అంది డాక్టరమ్మ. "మన పొట్టకి కొత్త చుట్టం కాకూడదని దీన్నే ఎంచుకున్నాం. రెండు విద్యలు నేర్పాం. క్యాన్సర్ వాసన పట్టడం ఒకటి, పట్టిన చోట కీమో మందు తయారుచేసి వదలడం ఒకటి. ఆ వాసన తగలకపోతే ఏమీ చెయ్యదు. నాలుగు రోజులుండి తన దారిన తను పోతుంది."

"కీమో అంటే జుట్టంతా రాలిపోద్దంట కదమ్మా?" అంది తాయారు.

"దీనికి రాలదమ్మా. మందు చాలావరకు గడ్డ దగ్గరే ఉంటుంది. కొంచెం మాత్రం రక్తంలో కలుస్తుంది. దానివల్ల అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి మంటపుడతాయి, తోలు లేస్తుంది, వేలిముద్రలు కూడా చెరిగిపోవచ్చు. ఒకవేళ నోరు పూసిందంటే డోసు ఎక్కువైందని అర్థం, వెంటనే నాకు చెప్పాలి. చేతులు ఎర్రబడితే మాత్రం కంగారు పడకండి. లోపల క్రిమి గడ్డని పట్టుకుందని దాని గుర్తు."

మందుంది, గుండు లేదు. మందుగుండులో సగమే కాబట్టి భయం కూడా సగమే ఉండాలి. నాకు మాత్రం మొత్తం ఉంది.

వారానికి సరిపడా పొట్లాలు ఇంటికిచ్చేవారు. పొట్లంలో తెల్లటి పొడి. కాచి చల్లార్చిన గ్లాసుడు పాలల్లో కలుపుకుని తాగెయ్యాలి. రెండో వారానికే నా అరచేతులు గోరింటాకు పండినట్టు పండాయి. ఆటో హ్యాండిల్ పట్టుకుంటే నిప్పు పట్టుకున్నట్టుండేది. అయినా నాకు ఆ మంట ముద్దొచ్చేది. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ ముందు నా చేతులే చూసేది. డాక్టరుకి హస్తవాసి ఉండాలంటారు కదా. ఇక్కడ హస్తం నాది, వాసి ఆవిడకి.

వేసవి మొదట్లో స్కాన్ తీశారు. గడ్డ సగానికి సగం తగ్గింది. ఇంటికొచ్చి ఆటోకి కొబ్బరికాయ కొట్టాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పక్కింటి అచ్చియ్యమ్మ మా అరుగు మీదకొచ్చి ఖాళీ రేషన్ సంచి విసిరి కూలబడింది. ఆవిడ జాకెట్లు కుడుతుంది. మొగుడు పోయాక మిషనే ఆవిడకి మొగుడు. నన్ను తమ్ముడంటుంది. మాకు చుట్టరికం లేదు, గోడ ఒకటే ఉంది.

"బియ్యం ఇవ్వలేదు తమ్ముడూ," అంది. "ఆ మిషను మీద ఏలు పెడితే నేను కాదంటందంట. ఆ డీలరు పది ఏళ్లూ ఒక్కొక్కటే పెట్టించాడు. ఒక్కటీ ఒప్పుకోలా. పుట్టినకాడ్నించీ ఈ వొంట్లోనే ఉన్నాను, నేను కాకపోతే మరెవరుంటారందులో?"

"వయసు పెరిగితే గీతలు అరుగుతాయి అక్కా," అన్నాను. "గీసుకుంటే అరుగుతాయి, కుట్టుకుంటే అరుగుతాయి. నీ గీత బాగోలేదంతే."

"అరగడం కాదు. సబ్బు పడలేదనుకుంటా. చూడు."

చేతులు చాపింది.

నేను చూశాను. గుమ్మంలో నిలబడ్డ తాయారు కూడా చూసింది. అరచేతులు రెండూ ఎర్రగా వాచి, వేళ్ల కొసల దగ్గర తోలు ఉల్లిపొరలాగా లేచి ఉంది. పక్కన నా చేతులు పెడితే ఎవరివేవో మాకే తెలిసేది కాదు.

"సూది పట్టుకుంటే పేణం పోతంది," అంటోంది అచ్చియ్యమ్మ. "తాయారూ, కొబ్బరినూనె ఉంటే చుక్కెయ్యవే."

తాయారు నూనె తెచ్చింది. అచ్చియ్యమ్మ రాసుకుని, ఎండని తిట్టుకుని, రేషన్ డీలర్ని ఇంకొంచెం ఎక్కువ తిట్టుకుని వెళ్లిపోయింది. నేను తాయారు మొహం వంక చూస్తూ కూర్చున్నాను. పాతికేళ్ల కాపురంలో నాకు తెలిసిన మొహమది. ఏదో విరగ్గొట్టి దాచినప్పుడు అలా ఉంటుంది.

"ఏం చేశావు?" అన్నాను.

"ముందు మీరు అరవనని చెప్పండి."

"అరిచే పని డబ్బులకే చేస్తాను. చెప్పు."

చెప్పింది. మొదట్లో ఒకరోజు వికారంగా ఉందని నేను మందు పాలు సగం వదిలేశాను. పొట్లం ఖరీదైనది, పారబొయ్యడానికి తనకి చెయ్యాడలేదు. వంటగట్టు మీద మూతపెట్టి ఉంచింది. తెల్లారేసరికి అది తోడుకుంది. మంచి గడ్డ పెరుగైంది. ఆ మందు పెట్టిందే గడ్డ పెరుగు కాకూడదని. మా ఇంట్లో చూస్తే గడ్డ పెరుగే అయింది.

"ఈ ట్రయలు ఎన్నాళ్లుంటుందో వాళ్లకే తెలీదన్నారు," అంది తాయారు. "రేపు ఆపేస్తే మీకెక్కడ్నించి తేను? తోడు ఉంటే ఎప్పటికీ ఉంటుంది కదా. రోజూ కాసిని పాలు పోసి నిలబెట్టాను. వేరే స్టీలు గిన్నెలో, ఫ్రిజ్‌లో వెనకాల పెట్టాను. మీ అన్నంలో రోజూ రెండు గరిటెలు అదే వేస్తున్నాను."

"నాకా?"

"మరి ఎవరికి? మీకు సగం తగ్గిందిగా."

కుర్చీ చేతులు పట్టుకున్నాను. మంటపుట్టింది. ఈసారి ముద్దు రాలేదు.

"మరి అచ్చియ్యక్కకి ఎలా వెళ్లింది?"

"మొన్న స్కాన్‌కెళ్లినప్పుడు తాళం ఆవిడికే ఇచ్చాం కదండీ. ఆవిడ పెరుగు పులిసిపోయిందంట. మన ఫ్రిజ్ తీసి తోడు పట్టుకెళ్లింది. వచ్చాక చెప్పింది కూడాను, మీ పెరుగు ఎంత బాగా తోడుకుందో అని."

మా వీధిలో తోడు తీసుకోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు. అడిగినా లేదనరు. సందులో మూడిళ్ల పెరుగూ ఒకే పెరుగు, ఈ వారం మా గిన్నె లోంచి వెళ్తే వచ్చే వారం వాళ్ల గిన్నె లోంచి వస్తుంది. అందులో వింతేం లేదు.

"అప్పుడే చెప్పొచ్చు కదా," అన్నాను.

"చెబుదామనుకున్నాను. జబ్బు లేనివాళ్లని ఏమీ చెయ్యదని డాక్టరమ్మ అంది కదా అని ఊరుకున్నాను."

"జబ్బు లేనివాళ్లని," అన్నాను నేను.

గోడ అవతల మిషను టకటకలాడుతూ, ఆగుతూ, మళ్లీ టకటకలాడుతోంది. ఆగినప్పుడల్లా ఆవిడ వేళ్లు ఊదుకుంటోందని మాకు తెలుస్తోంది.

"డాక్టరమ్మకి చెబితే మీ మందు ఆపేస్తారు," అంది తాయారు చివరికి. గొంతు బాగా తగ్గించింది. "ఇచ్చిన మందు ఇంకొకరికి పోతే ట్రయలు నుంచి తీసేస్తామని ముందే చెప్పారు. తీసేస్తే కోతే. సంచే. అదే చెప్పకపోతే, వదినకి కూడా అదే మందు పని చేస్తోంది కదండీ. తెలియకుండానే తగ్గిపోతుంది. ఆవిడకి భయం కూడా ఉండదు."

నేను తప్పని అనలేదు. సరే అని కూడా అనలేదు. సంచి కళ్ల ముందు కనిపిస్తోంది. ఆటోలో కూర్చుంటే అది ఎక్కడుంటుంది, గతుకుల్లో ఏమవుతుంది, పక్కన కూర్చున్నవాడికి వాసనొస్తుందా, ఇవే లెక్కలు. మర్నాడు జగన్నాథపురంలో చెప్పుల షాపు ప్రారంభోత్సవానికి ప్రచారం చేశాను. ఒక జత కొంటే ఇంకో జత ఉచితం అనడానికి బదులు ఒక జబ్బు కొంటే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఊరంతా వినిపించే గొంతు పెట్టుకుని, గోడ అవతలికి వినిపించాల్సిన మాట ఒకటి నా దగ్గర ఇరుక్కుపోయింది.

అచ్చియ్యమ్మ తనే వచ్చింది. ఈసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నోరంతా పూసేసింది తమ్ముడూ," అంది ముద్దముద్దగా. "అన్నం మింగుడు పడతా లేదు. సల్లగా ఉంటదని రెండ్రోజుల్నించీ పెరుగే తాగుతున్నాను. గిన్నెడు తోడేసినా సాలట్లేదు. తాయారూ, మీ పెరుగుంటే ఇయ్యవే, మాది అయిపోయింది."

తాయారు కదల్లేదు. అచ్చియ్యమ్మ గిన్నె చాపి అలాగే నిలబడింది.

నోరు పూస్తే డోసు ఎక్కువైనట్టు. డోసు ఎక్కువైన మనిషి ఆ మందే ఇంకా పెట్టమని గిన్నె పట్టుకుని మా గుమ్మంలో ఉంది.

"అక్కా, ఆ గిన్నె కింద పెట్టు," అన్నాను. "ఇంక పెరుగు ముట్టుకోకు. కూర్చో. నీకొక మాట చెప్పాలి."

చెప్పాను. ఎక్కడా ఒక్క చమత్కారం దొర్లలేదు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా అంతా వింది. నా చేతులు చూసింది, తన చేతులు చూసుకుంది.

"అంటే నాకూ ఉందా?"

"ఉందేమో. చూపించుకోవాలి."

"ఎన్నాళ్లై తెలుసు మీకు?"

"నువ్వు రేషనుకి వెళ్లొచ్చిన రోజు నుంచి."

అచ్చియ్యమ్మ లేచింది. తాయారు వైపు చూసింది. తాయారు తలెత్తలేదు. "చెప్పులేసుకుని వత్తాను, ఆటో తియ్యి," అంది నాతో. తాయారుతో ఏమీ అనలేదు. ఆ రోజు నుంచీ అనలేదు.

డాక్టర్ షమీమ్ మా మాట విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తాయారు తెచ్చిన స్టీలు గిన్నెని చేతికి తొడుగులు వేసుకుని మరీ అందుకుంది. పెరుగు పైన మీగడ కట్టి, చూడటానికి ఎంతో ఒద్దికగా ఉంది.

"ఇందులో ఉన్నది మేం తయారుచేసిన క్రిమో, మీ ఇంట్లో పెరిగి మారిపోయిన క్రిమో నాకు తెలీదు," అంది. "పరీక్ష చేసేదాకా ట్రయల్ మొత్తం ఆగిపోతుంది. మీ ఒక్కరిదే కాదు, అందరిదీ."

"నాకు తగ్గింది కదమ్మా," అన్నాను.

"తగ్గింది ముత్యాలరావు గారూ. నేనిచ్చిన పొట్లం వల్ల తగ్గిందో మీ ఆవిడ వేసిన పెరుగు వల్ల తగ్గిందో ఇక నేను ఎవరికీ చెప్పలేను. మీ ఫలితం లెక్కలోకి రాదు. మీకు మళ్లీ మందివ్వడానికి నాకు వీలుండదు." కాసేపు గిన్నెనే చూసింది. "ఫ్రిజ్‌లో పెట్టమన్నాం. పిల్లలకి అందనివ్వద్దన్నాం. పాలల్లో కలుపుకోమన్నది కూడా మేమే. పాలు తోడుకుంటాయని ఇంతమందిలో ఒక్కళ్లకీ తోచలేదు. మా అమ్మీ అయితే అడిగేది."

వీధిలో ఇంకెవరు తిన్నారో వెంటనే తేలాలంది. అచ్చియ్యమ్మ తన గిన్నెలోంచి ఇంకో రెండిళ్లకి తోడిచ్చింది. వాళ్లు ఇంకెవరికిచ్చారో తెలీదు. ఆస్పత్రి నుంచి వచ్చినమ్మాయి తలుపులు కొడితే, ఏదో సర్వే అనుకుని ఎవరూ తియ్యలేదు.

నేను ఆటో తీశాను. హారన్లు సవరించి మైకు పట్టుకున్నాను. ఎవరి ప్రకటనైనా చదివేవాడిని, ఇది నా సొంతం.

"వీధిలోని అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ మనవి. మా ఇంటి తోడుతో గానీ, ఆ తోడుతో అయిన ఇంకో ఇంటి తోడుతో గానీ పెరుగు వేసుకున్నవాళ్లు ఆ పెరుగు తినవద్దు. పారబొయ్యవద్దు. గిన్నెతో సహా బయటికి తీసుకురండి. వచ్చి మీ అరచేతులు చూపించండి. తప్పు మా ఇంటిది. దయచేసి చేతులు చూపించండి."

ఒక్కొక్కరే వచ్చారు. ఎండలో అరుగుల ముందు నిలబడి చేతులు చాపారు. ముసలివాళ్లవి, పసివాళ్లవి, అంట్లు తోముతూ లేచొచ్చిన తడి చేతులు. ఏ పార్టీ ప్రచారానికీ ఆ వీధిలో అన్ని చేతులు లేవలేదు. ఒక్కో చెయ్యి చూస్తూ వెళ్లాను. ఆస్పత్రి అమ్మాయి నా పక్కన నడుస్తోంది. ఎవరివీ ఎర్రగా లేవు. ఒక ముసలాయన మాత్రం రెండు చేతులూ వెనక్కి దాచుకుని, "నేను పెరుగు తినలేదయ్యా, చూపించను," అన్నాడు. ఆయన కోడలు బతిమాలి ముందుకి లాగింది. తెల్లగానే ఉన్నాయి. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాడు.

అచ్చియ్యమ్మకి పరీక్షలు చేశారు. పురీషనాళంలో చిన్న గడ్డ దొరికింది. నాదానికంటే చాలా చిన్నది. నా ఆపరేషన్‌కి తారీకు ఇచ్చారు.

నోటి పూత తగ్గాక డాక్టరమ్మ ఆవిడతో పాటు మమ్మల్ని కూడా పిలిపించింది. గిన్నెలోని క్రిమి మారలేదని తేలిందట. ట్రయల్ మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది తేల్చేముందు, ఇలాంటి ట్రయళ్ల మంచిచెడ్డలు చూసే కమిటీ వాళ్లు అచ్చియ్యమ్మ ఏమంటుందో రాసి పంపమన్నారు. నష్టం జరిగింది ఆవిడకి కాబట్టి.

"ఇంకో సంగతి కూడా ఉంది," అంది డాక్టరమ్మ. "మీ గడ్డ మీద మందు బాగానే పనిచేస్తోందమ్మా. ప్రత్యేక అనుమతి తీసుకుని మీకు సరైన డోసులో ఇవ్వచ్చు. మీరు ఒప్పుకుంటే."

"ఇన్నాళ్లూ ఒప్పుకున్నానా?" అంది అచ్చియ్యమ్మ.

నా వైపు చెయ్యి చూపించింది.

"ఈయనకి మందిచ్చేముందు ఏం చేశారు మీరు? పొట్లం చేతిలో పెట్టి తాగమన్నారా?"

"లేదమ్మా. ఒప్పంద పత్రం చదివి వినిపించాం. ఏమవుతుందో, ఏం కావచ్చో అన్నీ."

"నాకూ చదవండి."

డాక్టరమ్మ కాగితాలు తీసి చదవబోయింది. అచ్చియ్యమ్మ వద్దంది. "ఈయన చదువుతాడు. ఊరందరికీ చదువుతాడుగా."

కాగితాలు తీసుకున్నాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మందు ఏమిటి, ఎందుకు, లోపల ఏం చేస్తుంది, చేతులెందుకు ఎర్రబడతాయి, తెలియని ప్రమాదాలు ఏవైనా ఉండవచ్చు. నాకు చదివినప్పుడు ప్రతి వాక్యానికీ నేనొక ఛలోక్తి విసిరి ఆ వాక్యం వినకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కటే నా నోటితో పలుకుతూ నేనే మొదటిసారి విన్నాను. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని వింది. కొన్నిచోట్ల ఆపి, అంటే ఏంటి, అని అడిగింది. డాక్టరమ్మ చెప్పింది. కొన్నిటికి తెలీదని చెప్పింది.

"మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఈ పరిశోధన నుంచి తప్పుకోవచ్చు. అందుకు కారణం చెప్పనవసరం లేదు," అని చదివాను.

"అది మళ్లీ చదువు."

చదివాను.

"కారణం చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదక్కా."

మిగతాదంతా అయ్యేదాకా ఊరుకుంది. అయ్యాక డాక్టరమ్మతో అంది, "మిగతావాళ్లంతా ఇలా అడిగించుకునే తాగుంటారు. వాళ్లది ఆపమని నేనెందుకంటాను. మొదలెట్టుకోండి. నేనలా అన్నానని రాసుకోండి."

డాక్టర్ షమీమ్ రాసుకుంది. కలం వేగంగా కదిలింది.

"ఇప్పుడు నన్నడగండి," అంది అచ్చియ్యమ్మ. "మీరు కాదు డాక్టరమ్మా. అది అడగాలి."

ఇన్నాళ్ల తర్వాత ఆవిడ తాయారు మొహంలోకి చూసింది. తాయారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"వదినగారూ," అంది. "ఈ మందు తీసుకోవడం మీకిష్టమేనా?"

"నాకొద్దు," అంది అచ్చియ్యమ్మ.

కొంగు సర్దుకుని లేచి, తలుపు తనే తీసుకుని బయటికి వెళ్లింది. కారణం ఎవరమూ అడగలేదు.